జర్మనీ మౌత్ ఆర్గాన్‌కు చికాగో గొంతు ఎక్కడిది?

అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో చికాగో శైలి విని మురిసిపోయి, ఆ ఉత్సాహంలో ఒక మౌత్ ఆర్గాన్ కొనుక్కున్నవారిని మొదటి వారంలోనే మూడు చిక్కులు పలకరిస్తాయి. వాద్యం మీద 'సి' అని చెక్కి ఉంటుంది, దానితో వాయించిన పాట మాత్రం 'జి' శ్రుతిలో ఉందంటారు. ఉన్న పది రంధ్రాల్లో ఊదినా పీల్చినా దొరకని స్వరాలు రికార్డులో హాయిగా పలుకుతుంటాయి. ఆపైన, శైలికేమో చికాగో పేరు. వాద్యం తయారయ్యేది జర్మనీలో. దాన్ని వాయించి పేరు తెచ్చుకున్న తొలి తరంలో ఎక్కువమంది పుట్టింది మిసిసిపీ, టెనెసీ, లూసియానా పల్లెల్లో. మధ్యలో చికాగో చేసిందేమిటి?

విడివిడిగా అడిగితే ఈ ప్రశ్నలకు జవాబులు పొడిపొడిగా ఉంటాయి. ఒకదాని వెనక ఒకటి పెట్టి చూస్తే అసలు కథ తెలుస్తుంది. వాద్యంలో ఉన్న లోటు ఒక వాయించే పద్ధతిని పుట్టించింది. ఆ పద్ధతి వలస వెళ్లేవారితో రైలెక్కింది. దిగిన ఊరి రొద దాన్ని మైకు ముందు నిలబెట్టింది. కాబట్టి ముందు వాద్యం విప్పి చూడాలి.

పది రంధ్రాలు, ఇరవై రీడ్లు, కొన్ని ఖాళీలు

మౌత్ ఆర్గాన్, అంటే హార్మోనికా, మనకు తెలిసిన కుటుంబంలోదే. పద్య నాటకంలో రంగస్థలం పక్కన కూర్చుని రాగం అందించే హార్మోనియంలో ఉండేదీ, ఇందులో ఉండేదీ ఒకే రకం రీడు: ఒక కొస బిగించి, రెండో కొస వదిలేసిన పలుచని ఇత్తడి రేకు. కింద దాని కొలతకే కోసిన సన్నని సందు. గాలి తోసినప్పుడు రేకు ఆ సందులో అటూ ఇటూ కదులుతుంది. పొడవును, బరువును బట్టి ఒక్కో రేకుకు ఒక్కో శ్రుతి. హార్మోనియంలో గాలిని తిత్తి ఇస్తుంది, హార్మోనికాలో మన ఊపిరి ఇస్తుంది. ఈ చిన్న తేడాకు ఎంత విలువ ఉందో కాసేపట్లో తెలుస్తుంది.

జర్మనీలోని ట్రోసింగెన్ ఊళ్లో గడియారాల పని తెలిసిన మథియాస్ హోనర్ 1857లో హార్మోనికాల తయారీ మొదలుపెట్టాడు. మొదటి ఏడాది చేసినవి 650. ఆ శతాబ్దం చివరికల్లా అతని కంపెనీ సరుకు ఓడల మీద అమెరికాకు వెళ్లింది. 1896లో వచ్చిన 'మెరైన్ బ్యాండ్' నమూనా తర్వాతి కాలపు బ్లూస్ వాద్యకారుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది. పది రంధ్రాలు, రంధ్రానికి రెండు చొప్పున ఇరవై రీడ్లు. ఊదితే ఒకటి పలుకుతుంది, పీలిస్తే రెండోది.

ఈ రీడ్ల అమరికలోనే మొదటి చిక్కు ఉంది. సి వాద్యంలో సి స్వరాన్ని షడ్జమం అనుకుందాం. ఊదితే పది రంధ్రాల్లోనూ స, గ, ప తప్ప మరొకటి రాదు. అవే తిరిగి తిరిగి వస్తాయి. పీల్చినప్పుడు ఒకటో రంధ్రం నుంచి వరుసగా రి, ప, ని, రి, మ, ద, ని, రి, మ, ద. నాలుగో రంధ్రం నుంచి ఏడో దాని వరకు ఊదుతూ, పీలుస్తూ వెళితే సప్తస్వరాలూ దొరుకుతాయి, శంకరాభరణం మెట్లతో సరిపోతాయి. కింది స్థాయిలో మాత్రం మ, ద లేవు. పై స్థాయిలో ని లేదు. తయారుచేసినవారు మరిచిపోయి వదిలేసినవి కావివి. జర్మన్ జానపద గీతాలకు ఒకేసారి మూడు నాలుగు రంధ్రాలు ఊదితే శ్రావ్యంగా జత స్వరాలు పలకాలి. అందుకోసం కొన్ని స్వరాలను బలిపెట్టారు. పెద్దగా సంగీతం రానివారు కూడా అరగంటలో ఏదో ఒక పాట పలికించగలగడం అప్పటి వ్యాపార సూత్రం.

సి వాద్యంతో జి శ్రుతి: క్రాస్ హార్ప్ లెక్క

అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి వాద్యకారులు ఈ బొమ్మలాంటి వాద్యాన్ని తిరగేసి వాడారు. తయారీదారు ఇంటి స్వరంగా పెట్టిన సి ని పక్కనబెట్టి, రెండో రంధ్రాన్ని పీలిస్తే వచ్చే జి ని షడ్జమం చేసుకున్నారు. దీన్నే క్రాస్ హార్ప్ అంటారు, సెకండ్ పొజిషన్ అనీ అంటారు. వాద్యకారులు హార్మోనికాను ముద్దుగా హార్ప్ అంటారు కాబట్టి ఆ పేరు.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. జి షడ్జమమైతే, రెండు, మూడు, నాలుగు, అయిదు రంధ్రాలను వరుసగా పీల్చినప్పుడు స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం వస్తాయి. నాలుగో రంధ్రం ఊదితే శుద్ధ మధ్యమం, అయిదోది ఊదితే చతుశ్రుతి ధైవతం, ఆరోది ఊదితే పై షడ్జమం. నిషాదం కాకలి నుంచి కైశికికి దిగింది గనుక శంకరాభరణం పోయి హరికాంభోజి మెట్లు వచ్చాయి, ఒక్క రిషభం తప్ప. హరికాంభోజి అన్నది ఇక్కడ మెట్ల వరకే సుమా. రాగమనిపించుకోవడానికి కావలసిన సంచారం, జీవస్వరాలు ఇక్కడ వెతకకూడదు.

బ్లూస్‌కు ఈ మెట్లు ఎందుకు నచ్చాయి? ఆ సంగీతంలో పునాది స్వరసమూహానికే కైశికి నిషాదం అంటుకుని ఉంటుంది. బ్లూస్‌లో ఎక్కువగా వినిపించే చట్రం పన్నెండు బార్లది. బారు అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది, బారుకు నాలుగు దెబ్బలు. జి శ్రుతి పాటలో మొదటి నాలుగు బార్లు జి మీద, తర్వాత రెండు సి మీద, రెండు జి మీద, ఒకటి డి మీద, ఒకటి సి మీద, చివరి రెండు జి మీద నడుస్తాయి. సి హార్మోనికా పట్టుకున్నవాడికి ఇందులో చాలా భాగం నోట్లోనే సిద్ధంగా ఉంది. జి బార్లలో కింది రంధ్రాలు పీలిస్తే చాలు. సి బార్లలో ఎక్కడ ఊదినా సరిపోతుంది. డి మీద ఉండేది ఒక్క బారు, అక్కడ ఒకటో రంధ్రమో నాలుగోదో పీల్చి జాగ్రత్తగా దాటేస్తాడు. పాటకు ఇంటి స్వరం పీల్చే వైపు రావడమే ఇందులో అసలు లాభం. ఎందుకంటే కింది ఆరు రంధ్రాల్లో స్వరాన్ని వంచడానికి వీలున్నది పీల్చే వైపే.

లేని స్వరాన్ని నోటితో తెప్పించడం

రెండో చిక్కు ఇక్కడ విడిపోతుంది. మూడో రంధ్రం తీసుకోండి. ఊదితే జి, పీలిస్తే బి. రెండింటి మధ్య పియానో మీద మూడు మెట్లున్నాయి: బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్. వాద్యంలో వీటికి రీడ్లు లేవు. అయినా పీలుస్తూ నాలుక వెనక భాగాన్ని కిందికి దించి, గొంతు ఆకారం మారిస్తే ఆ మూడూ ఒకదాని తర్వాత ఒకటి పలుకుతాయి.

ఎలా? మామూలుగా పీల్చినప్పుడు పీల్చే రీడొక్కటే గట్టిగా కంపిస్తుంది. నోటి లోపలి గాలి గదికీ ఒక సొంత శ్రుతి ఉంటుంది. దాన్ని తగ్గించుకుంటూ పోతే రీడు దానికి లొంగి కొంత కిందికి దిగుతుంది. ఇంకా దిగాక అదే రంధ్రంలో మౌనంగా ఉన్న ఊదే రీడు కదలడం మొదలుపెట్టి, పలికే పని చాలావరకు తన మీద వేసుకుంటుంది. ఊదితే పలకాల్సిన రేకు పీలుస్తుంటే పలుకుతుందన్నమాట. నమ్మబుద్ధి కాకపోయినా ప్రయోగాల్లో తేలిన సంగతిది. అందుకే వంపు ఎంత లోతుకు పోతుందో ఆ రంధ్రంలోని రెండు రీడ్ల మధ్య దూరమే నిర్ణయిస్తుంది. కింది రీడుకు ఒక మెట్టు పైన ఆగుతుంది. రెండో రంధ్రంలో ఇ, జి ఉన్నాయి కాబట్టి మధ్యలో రెండు స్వరాలు. ఒకటి, నాలుగు రంధ్రాల్లో సి, డి కాబట్టి ఒకటే. అయిదో రంధ్రంలో ఇ, ఎఫ్ పక్కపక్కనే ఉన్నాయి కనుక మధ్యలో తెప్పించడానికి ఏమీ లేదు.

జి ని షడ్జమంగా పెట్టుకుని చూస్తే ఇందాక తప్పిపోయిన రిషభం మూడో రంధ్రం వంపులో దొరికిపోయింది. నాలుగో రంధ్రం వంపు ప్రతి మధ్యమం, బ్లూస్‌లో దానికి పెద్ద పీట. ఇంతకంటే ముఖ్యమైనది మూడో రంధ్రపు మొదటి వంపు. అంతర గాంధారం నుంచి సాధారణ గాంధారం వరకు జారే దారి అది. బ్లూస్ గాయకులు తమ గాంధారాన్ని ఈ రెండింట్లో దేనిమీదా స్థిరంగా నిలపరు, మధ్యలో ఎక్కడో వేలాడదీస్తారు. వంపు చేతిలో ఉన్న హార్మోనికా ఆ గొంతును అనుసరించగలదు, మీటలున్న పియానో అనుసరించలేదు.

గమకం వింటూ పెరిగిన చెవికి ఇది వెంటనే అందుతుంది. హార్మోనియం గమకం పలకదన్న ఫిర్యాదు మన దేశంలో ఎంత దూరం వెళ్లిందో తెలిసిందే. 1940లో ఆకాశవాణి దాన్ని తన స్టూడియోల నుంచి వెళ్లగొట్టింది, 1971లో గానీ తలుపు కొద్దిగా తెరవలేదు. అదే రీడు, అదే ఇత్తడి. తిత్తికీ రీడుకూ మధ్య మనిషి గొంతు లేకపోవడమే హార్మోనియం లోటు. చికాగోలో జనం విని పరవశించినది రీడుకు తగిలించిన గొంతునే.

వాద్యం పోస్టులో వెళ్లింది, మనుషులు రైల్లో వచ్చారు

ఇంతవరకు చెప్పిన విద్య అంతా దక్షిణానిదే. రైలు చప్పుడు, వేట కుక్కల అరుపు పలికించడం దగ్గర నుంచి క్రాస్ హార్ప్ వరకు చికాగో పేరు వినకముందే అక్కడ ఉన్నాయి. విచిత్రమేమిటంటే హార్మోనికా ఆ పల్లెలకు చేరిన దారుల్లో ఒకటి చికాగో మీదుగానే వెళుతుంది. సియర్స్ రోబక్, మాంట్‌గోమరీ వార్డ్ అనే భారీ తపాలా వ్యాపార సంస్థలు రెండూ చికాగోవే. వాటి సచిత్ర కేటలాగుల్లో చూసి, డాలరు కంటే తక్కువ సొమ్ముకు దక్షిణాది రైతుకూలీ కూడా హార్మోనికా తెప్పించుకునేవాడు. వాద్యం ఉత్తరం నుంచి దక్షిణానికి పోస్టులో వెళ్లింది. వాయించడం నేర్చుకున్నవాడు దక్షిణం నుంచి ఉత్తరానికి రైల్లో వచ్చాడు.

అలా వచ్చినవారు కొద్దిమంది కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి 1970 వరకు సుమారు అరవై లక్షల మంది నల్లజాతివారు దక్షిణ రాష్ట్రాలను వదిలి వెళ్లారని చరిత్రకారుల అంచనా. జాతివివక్ష చట్టాలు, మూకహత్యలు, కౌలు అప్పులు ఒకవైపు నెట్టాయి. ఫ్యాక్టరీ జీతాలు రెండోవైపు లాగాయి. న్యూ ఆర్లీన్స్ నుంచి మిసిసిపీ మీదుగా వచ్చే ఇల్లినాయి సెంట్రల్ రైలు మార్గం చికాగోలో ఆగుతుంది. నల్లజాతి పత్రిక 'చికాగో డిఫెండర్' రమ్మని పిలుస్తూ రాసేది. 1910లో చికాగోలో నల్లజాతి జనాభా సుమారు 44 వేలు. 1940 నాటికి 2 లక్షల 78 వేలు. 1960 నాటికి 8 లక్షలు దాటింది. కొత్తగా వచ్చినవారికి ఊళ్లో ఎక్కడపడితే అక్కడ ఇల్లు దొరకదు. సౌత్ సైడ్, వెస్ట్ సైడ్ పేటల్లోనే కిక్కిరిసి ఉండాలి. వివక్ష వల్ల ఏర్పడిన ఆ ఇరుకే ఒకే వీధిలో పది బార్లు, పదింట్లోనూ బ్లూస్ బృందాలు ఉండే పరిస్థితిని తెచ్చింది. దీన్ని ఒక వరంలా చెప్పేవారున్నారు. నాకది మింగుడుపడదు.

ఈ దారిలో వచ్చిన మొదటి పెద్ద పేరు టెనెసీలోని జాక్సన్‌కు చెందిన జాన్ లీ విలియమ్సన్, అందరికీ సనీ బాయ్. అప్పటివరకు వెనక అలంకారంగా ఉన్న హార్మోనికాను పాటకు ఎదురు గొంతుగా, పాడిన ప్రతి పాదానికీ బదులిచ్చే రెండో గాయకుడిగా నిలబెట్టింది ఇతనే. 1937 మే నెలలో బ్లూబర్డ్ అనే రికార్డు లేబుల్ కోసం అతను తొలి రికార్డులు చేసింది చికాగోకు పడమరగా ఉన్న అరోరా పట్టణంలోని లీలాండ్ హోటల్లో. బాలాజీ గుడికని అరోరా వెళ్లే తెలుగువారు తక్కువేమీ కాదు, హార్మోనికా చరిత్రలో ఆ ఊరికి ఇంత చోటుందని ఎందరికి తెలుసో. 1948 జూన్ 1న, క్లబ్బు నుంచి ఇంటికి నడిచి వెళుతుండగా దోపిడీగాళ్లు అతన్ని కొట్టి చంపారు. అప్పటికి 34 ఏళ్లు.

ఇక్కడ ఇంకో గందరగోళం. ఇదే సనీ బాయ్ విలియమ్సన్ పేరుతో మరో గొప్ప వాద్యకారుడు ఉన్నాడు. అసలు పేరు రైస్ మిల్లర్, మిసిసిపీవాడు. 1941 నుంచి ఆర్కన్సాలోని హెలీనా రేడియోలో ఆ పేరుతో వాయించి ప్రసిద్ధుడయ్యాడు, 1955 నుంచి చికాగోలోని చెస్ అనే రికార్డు సంస్థకు రికార్డులు చేశాడు, 1965లో చనిపోయాడు. పుస్తకాల్లో మొదటివాడు, రెండవవాడు అని అంకెలు వేస్తారు. వయసులో పెద్దవాడైన మిల్లర్‌ను రెండవవాడనడం తమాషాగానే ఉంటుంది, కానీ ఆ పేరుతో ముందు రికార్డులు చేసింది జాన్ లీ.

మాక్స్‌వెల్ వీధి, అరువు కరెంటు

జాన్ లీ హార్మోనికా, తర్వాతి కాలపు చికాగో హార్మోనికా ఒకేలా వినిపించవు. మధ్యలో కరెంటు వచ్చింది.

తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదు వ్యాపారులు నెలకొల్పిన మాక్స్‌వెల్ వీధి అంగడి ఆదివారాల్లో జాతరలా ఉండేది. యూదులకు సెలవు శనివారం కదా. దక్షిణం నుంచి దిగిన వాద్యకారులకు అదే మొదటి కచేరీ వేదిక. గుంపులో వినపడాలంటే ఆంప్లిఫయర్ కావాలి, ఆంప్లిఫయర్‌కు కరెంటు కావాలి. పక్క దుకాణం నుంచో ఇంటి కిటికీ నుంచో తీగ లాగి, యజమానికి కొంత ముట్టజెప్పేవారు. 1943లో మిసిసిపీ నుంచి వచ్చిన బ్లూస్ గాయకుడు, గిటారు వాద్యకారుడు మడ్డీ వాటర్స్ ఎలక్ట్రిక్ గిటారుకు మారిందీ ఇలాంటి రొద వల్లే. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ముల మధ్య చిన్న హార్మోనికా బతకాలంటే అదీ మైకు పట్టాల్సిందే.

మైకు పట్టిన తీరులోనే కొత్త శబ్దం పుట్టింది. గాయకుడి మైకుకు కొంత దూరంలో నిలబడి వాయిస్తే హార్మోనికా శబ్దం పెరుగుతుంది, అంతే. ఇక్కడివారు చవకరకం మైకును హార్మోనికాతో కలిపి రెండు చేతుల్లో మూసిపట్టారు. లోపల గాలి బయటికి పోదు. పలుచని పై ధ్వనులు అణిగి, నిండైన మధ్య ధ్వనులు మిగులుతాయి. మైకులోకి వెళ్లే ఒత్తిడి ఎంత ఎక్కువంటే చిన్న వాల్వు ఆంప్లిఫయర్ దాన్ని శుభ్రంగా పెంచలేదు. తరంగం శిఖరాలు నలిగి, మూలంలో లేని కొత్త ధ్వనులు చేరతాయి. ఇంజనీరు దీన్ని వక్రీకరణ అంటాడు. వాద్యకారుడు ఇదే కావాలంటాడు. రెండు వరుస రంధ్రాలను కలిపి పీల్చినప్పుడు ఈ గరగర మరింత చిక్కబడి, ఎవరో టెనర్ సాక్సోఫోన్ ఊదుతున్నారా అనిపిస్తుంది.

ఈ పరికరాలు సంగీతం కోసం చేసినవి కావు, ప్రకటనలకూ సమాచార రేడియోలకూ ఉద్దేశించినవి. 1949లో వచ్చిన 'గ్రీన్ బుల్లెట్' మైకు షూర్ సంస్థది. షూర్ అప్పుడు చికాగో కంపెనీ. సుప్రో, నేషనల్ పేర్లతో చవక ఆంప్లిఫయర్లు చేసిన వాల్కో కూడా చికాగోదే. అంటే ఈ శబ్దానికి కావలసిన విడిభాగాలు కూడా చాలావరకు ఊళ్లోనే తయారయ్యేవి. చికాగో ఏం చేసిందన్న ప్రశ్నకు నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే జవాబు ఇదే.

లిటిల్ వాల్టర్ ఎంతవరకు మొదటివాడు?

లూసియానాలో పుట్టిన మారియన్ వాల్టర్ జేకబ్స్, అదే లిటిల్ వాల్టర్, పదిహేనూ పదహారేళ్ల ప్రాయం దాటుతూనే చికాగో చేరాడు. 1947లో మాక్స్‌వెల్ వీధిలోని ఒక రేడియో దుకాణం వారి ఓరా నెల్ లేబుల్‌కు తొలి రికార్డు చేశాడు. తర్వాత మడ్డీ వాటర్స్ బృందంలో చేరాడు. 1952 మే 12న ఆ బృందం రికార్డింగు మొదట్లో తాము వేదిక మీద వాయించే ఒక గత్తును అతని పేరుమీద పట్టించారు. పాట లేదు, హార్మోనికాయే నాయకుడు. 'జూక్' పేరుతో చెకర్ లేబుల్ మీద వచ్చిన ఆ రికార్డు బిల్‌బోర్డ్ పత్రిక రిథమ్ అండ్ బ్లూస్ జనాదరణ పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అలా పైకి చేరిన హార్మోనికా వాద్య రికార్డు ఆ పట్టికలో మరొకటి లేదు.

దీన్నిబట్టి మైకు హార్మోనికాను కనిపెట్టింది వాల్టరేనని ఒక కథ స్థిరపడింది. మిసిసిపీలోని లాంబర్ట్‌కు చెందిన స్నూకీ ప్రయర్ ఈ కథను ఒప్పుకోలేదు. సైన్యంలో బాకాకు వాడే లౌడ్‌స్పీకర్ వ్యవస్థతో హార్మోనికా వాయించి చూశాననీ, రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే చికాగో వచ్చి మాక్స్‌వెల్ వీధిలో అలాగే వాయించిన మొదటివాణ్ని తానేననీ అతను చెబుతూ వచ్చాడు. మూడీ జోన్స్‌తో కలిసి 1948లో అతను చేసిన వాద్య రికార్డు మొదటి పదబంధం 'జూక్' ఎత్తుగడకు దగ్గరగా ఉండటం అతని వాదనకు బలం.

రెండు వాదనల్నీ తూచి చూస్తే, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని తోస్తుంది. మైకు ఎవరు ముందు పట్టారన్నది ఒక ప్రశ్న. ఒకే వీధిలో అందరూ ఒకే అవసరంతో ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురికి ఆ ఆలోచన రావడంలో వింత లేదు, అందులో ప్రయర్ మాట కొట్టిపారేయలేం. మైకునూ ఆంప్లిఫయర్‌నూ వాద్యంలో భాగం చేసి, వాటికే తగ్గ కొత్త పదజాలం ఎవరు సమకూర్చారన్నది రెండోది. అక్కడ వాల్టర్‌తో పోటీ పడేవారు కనిపించరు. అతను లూయీ జోర్డాన్ వంటి సాక్సోఫోన్ వాద్యకారుల్ని విని ఆ పదబంధాలను హార్మోనికాకు తెచ్చాడు, పన్నెండు స్వరస్థానాలూ పలికే పెద్ద క్రోమాటిక్ హార్మోనికానూ బ్లూస్‌లోకి దింపాడు. 1968లో ఒక వీధి గొడవ తర్వాత చనిపోయాడు. అప్పటికి నలభై కూడా నిండలేదు.

బ్లూస్ చరిత్రలు రాసేవారు తరచూ దాటేసే మరో సంగతి ఉంది. 'జూక్'కు అయిదేళ్ల ముందే చికాగో హార్మోనికా దేశమంతా మోగింది, కానీ అది హార్మోనికాట్స్ అనే శ్వేతజాతి త్రయం వాయించిన తీయని పాత ప్రేమగీతం. 1947లో దాన్ని రికార్డు చేసినవాడు యూనివర్సల్ స్టూడియో అధిపతి బిల్ పట్నమ్, ప్రతిధ్వని కోసం స్నానాల గదిని వాడుకున్న ఘనుడు. 'జూక్' పుట్టింది కూడా అదే సంస్థ స్టూడియోలో. అంతవరకు వాద్యకారుల సంఘం హార్మోనికాను ఆటవస్తువుగానే చూసేది. ఆ వైఖరి మారడానికి హార్మోనికాట్స్ విజయం తోడ్పడింది. ఒకే ఊరు, ఒకే స్టూడియో, రెండు హార్మోనికా లోకాలు. ఒకరి క్లబ్బుకు ఒకరు వెళ్లే వీలు ఎంత తక్కువో ఆనాటి చికాగో పటం చూస్తే తెలుస్తుంది.

మడ్డీ వాటర్స్ పక్క కుర్చీ

సంగీత వాతావరణం అంటే బార్ల జాబితా అనుకుంటే పొరపాటు. ఎవరు ఎవరిని చూసి నేర్చుకోగలిగారన్నది అసలు విషయం. చికాగోలోనే పుట్టిన బిల్లీ బాయ్ ఆర్నాల్డ్ పన్నెండేళ్ల వయసులో నేరుగా జాన్ లీ విలియమ్సన్ ఇంటి తలుపు తట్టి స్వరాన్ని ఎలా వంచాలో అడిగాడు. అది జాన్ లీ హత్యకు కొద్దికాలం ముందు. అభిమాన కళాకారుడు పక్క పేటలోనే ఉంటే ఇలాంటివి జరుగుతాయి.

'జూక్' తర్వాత వాల్టర్ మడ్డీని వదిలి, జూనియర్ వెల్స్ వాయిస్తున్న ఏసెస్ బృందాన్ని తన వెంట తీసుకున్నాడు. వెల్స్ వెళ్లి మడ్డీ పక్కన ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత అందులో వాల్టర్ హార్టన్, జేమ్స్ కాటన్, క్యారీ బెల్ వంటివారు కూర్చున్నారు. 1974లో చేరిన జెర్రీ పోర్ట్‌నాయ్ చిన్నతనం మాక్స్‌వెల్ వీధిలోనే గడిచింది, తండ్రికి అక్కడ తివాచీల దుకాణం ఉండేది. కచేరీలు చేస్తూనే పాఠం చెప్పే ఇలాంటి గురుకులం ఆ సంగీతంలో మరొకటి చూపించడం కష్టం.

అరవయ్యో దశకంలో చికాగో విశ్వవిద్యాలయం పక్కనున్న హైడ్ పార్క్ కుర్రాడు పాల్ బటర్‌ఫీల్డ్, మెంఫిస్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన చార్లీ మసల్‌వైట్ వంటి శ్వేతజాతి యువకులు సౌత్ సైడ్ క్లబ్బులకు వెళ్లి పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. బటర్‌ఫీల్డ్ బృందం ఉత్తరాన వెల్స్ వీధి క్లబ్బులో వాయించడంతో అటువైపు కొత్త శ్రోతలు తయారయ్యారు. 1965 న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వాయించాక కాలేజీ కుర్రకారుకు చికాగో హార్మోనికా అంటే ఏమిటో తెలిసింది.

ఏది అసలైన చికాగో శబ్దం?

ఇప్పటికీ తెగని తగువు ఇది. ఒక పక్షం ప్రకారం 1950ల నాటి మైకు, వాల్వు, సెకండ్ పొజిషన్ కలిస్తేనే చికాగో హార్మోనికా. ఇంకేం చేసినా మంచి సంగీతం కావచ్చు, ఆ పేరు మాత్రం దానికి చెల్లదు. ఈ పక్షానికి ఒక సౌలభ్యం ఉంది: చెప్పిన మూడూ విని గుర్తుపట్టవచ్చు. ఒక ఇబ్బందీ ఉంది. అదే ఊళ్లో, అదే దశాబ్దంలో జిమ్మీ రీడ్ హార్మోనికాను మెడకు తగిలించుకుని పై రంధ్రాలు ఊదుతూ, ఈ నియమాలేవీ పట్టించుకోకుండా జనాదరణలో చాలామందిని దాటిపోయాడు. అతన్ని బయటపెట్టే నిర్వచనం ఎలాంటి నిర్వచనం?

ఊరు బతికున్నంతకాలం ఊరి శబ్దమూ మారుతుందన్నది రెండో పక్షం. వీరికి ఎదురయ్యే ప్రశ్న, ఆ ఊరు ఉందా అని. సౌత్ సైడ్ బ్లూస్ క్లబ్బు థెరీసాస్ లాంజ్ 1983లో మూతపడింది. ఇల్లినాయి విశ్వవిద్యాలయ విస్తరణ కోసం 1994లో మాక్స్‌వెల్ వీధి అంగడిని అక్కడి నుంచి తరలించారు. క్లబ్బుల్లో చెప్పుకోదగినవి నల్లజాతి పేటల నుంచి పర్యాటకులు తిరిగే ఉత్తర భాగానికీ నగర కేంద్రానికీ జరిగాయి. పుట్టిన పేటలో వినేవారు తగ్గి, చూడ్డానికి వచ్చినవారి ముందు ప్రదర్శనగా మిగిలిందని కొందరి బాధ. 1984 నుంచి నగరం ఏటా ఉచితంగా జరిపే బ్లూస్ ఉత్సవాన్నీ, బిల్లీ బ్రాంచ్ 1970ల చివరి నుంచి బడిపిల్లలకు నేర్పుతున్న హార్మోనికా పాఠాలనూ ఇంకొందరు జవాబుగా చూపుతారు. చెస్ సంస్థ పనిచేసిన 2120 సౌత్ మిషిగన్ అవెన్యూ భవనం నిలిచే ఉంది, మడ్డీ వాటర్స్ ఇంటికి 2021లో నగర చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది. గోడలు కాపాడటం, వాయించేవారికి బతుకుతెరువు కాపాడటం వేర్వేరు పనులు. మొదటిది కాస్త సులువు.

తగువు బాగా ముదిరేది మాత్రం హవర్డ్ లెవీ దగ్గర. చికాగోకు ఆనుకుని ఉన్న నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 1970 ప్రాంతంలో అతను ఓవర్‌బ్లో అనే కిటుకును సొంతంగా కనిపెట్టుకున్నాడు. అంతకుముందు 1929 నాటి ఒక రికార్డులో అలాంటి స్వరం వినిపిస్తుంది గానీ, దాన్ని ఒక పద్ధతిగా పెంచింది లెవీ. ఆరో రంధ్రాన్ని ప్రత్యేకమైన నోటి ఆకారంతో ఊదితే ఊదే రీడు ఆగిపోయి, పీల్చే రీడు తన శ్రుతికి ఒక మెట్టు పైన పలుకుతుంది. సి వాద్యంలో అది బి ఫ్లాట్. జి నుంచి చూస్తే మధ్య స్థాయి సాధారణ గాంధారం, అంటే క్రాస్ హార్ప్ వాయించేవారికి ఆ స్థాయిలో ఎప్పుడూ అందని స్వరం. ఈ కిటుకుతో పది రంధ్రాల వాద్యంలో పన్నెండు స్వరస్థానాలూ పలికించి జాజ్ వాయించవచ్చని అతను చూపించాడు. ఆ స్వరాలు లేకపోబట్టే మా సంగీతం పుట్టింది, వాటిని పూరించడం ఎందుకని బ్లూస్ పక్షం. పందొమ్మిదో శతాబ్దపు తయారీదారులు వదిలేసిన ఖాళీని పవిత్రం చేయడం ఎందుకని జాజ్ పక్షం. లెవీ చికాగోలో స్థిరపడిన వాద్యకారుడే, చేతిలో ఉన్నదీ అదే పది రంధ్రాల వాద్యం. అయినా చికాగో హార్మోనికా అన్న శీర్షిక కింద వచ్చే సంకలనాల్లో అతని పేరు కోసం వెతికితే నిరాశ తప్పకపోవచ్చు.